ఫార్మాట్ కొట్టించే ముందు: ఒక పెన్‌డ్రైవ్, కొన్ని కమాండ్లతో ఆగిపోయిన కంప్యూటర్‌ను నిలబెట్టే పద్ధతి

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా ఆగినవి 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇంత గందరగోళానికీ విరుగుడు ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి ఒక ఫైలును తీసెయ్యడమే. అయితే డెస్క్‌టాపే రాని యంత్రంలో ఆ ఫోల్డర్ దాకా వెళ్లేదెలా? అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోనో, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసో (అంటే యంత్రాన్ని దాని నుంచి లేపో) నల్ల తెర మీద కమాండ్ కొట్టాల్సి వచ్చింది. ఈ పని కోసమే మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లో ఒక బూటబుల్ యూఎస్‌బీ సాధనాన్ని కూడా విడుదల చేసింది.

మన ఊళ్లలో కంప్యూటర్ ఆన్ కాకపోతే రిపేరు షాపులో తరచుగా వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి". ఆ ఒక్క మాటతో పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు, ఏళ్ల తరబడి చేసిన డీటీపీ పని అన్నీ పోయిన ఇళ్లు ఎన్నో. కంప్యూటర్ ఆన్ కాకపోవడం వేరు, అందులోని ఫైళ్లు పోవడం వేరు. ముందు డిస్క్ ఆరోగ్యం చూడాలి, తర్వాత ఫైళ్లు బయటికి తీయాలి, ఆ తర్వాతే రిపేరు. ఈ వరుస తప్పకపోతే ఫార్మాట్ అవసరం చాలా అరుదుగా పడుతుంది. ఒకవేళ పడినా నష్టం ఉండదు.

ఒక సూచన. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాను, మీరు టైపు చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. చుక్కలతో విడదీసిన అక్షరాలను చుక్కలు లేకుండా కలిపి కొట్టాలి. ఖాళీలు, గీతలు, కోలన్లు మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంచాలి.

పెన్‌డ్రైవ్, అందులో వెంటాయ్

32 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, 64 జీబీ అయితే వెసులుబాటు. యూఎస్‌బీ 3 రకం తీసుకోండి. మరీ చవగ్గా దొరికే "2 టీబీ" పెన్‌డ్రైవ్‌ల జోలికి పోవద్దు. లోపల ఉండేది కొద్ది జీబీలే, పైకి మాత్రం పెద్ద సంఖ్య చూపించేలా చేసి అమ్ముతారు. అసలు సామర్థ్యం దాటాక ఎక్కించిన ఫైళ్లు చెడిపోతాయి, కాపీ అయినట్టే కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఎఫ్3 లేదా హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ మొత్తాన్నీ నింపి, తిరిగి చదివించి చూడండి.

బూటబుల్ పెన్‌డ్రైవ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రూఫస్. మంచి సాఫ్ట్‌వేర్, ఒక్క విండోస్ ఎక్కించడానికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. కానీ దాంతో ఒకసారికి ఒక ఐఎస్‌ఓనే (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా కట్టిన రూపం) వేయగలం. నాలుగు రకాల పనులకు నాలుగు పెన్‌డ్రైవ్‌లు మోయాల్సి వస్తుంది. అందుకే నా ఓటు వెంటాయ్‌కి. 2020లో వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒకసారి వేస్తే చాలు. ఆ తర్వాత ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలు సినిమా ఫైళ్లలా అందులోకి కాపీ చేసుకోవడమే. బూట్ చేసినప్పుడు అన్నీ ఒక జాబితాగా కనిపిస్తాయి, కావలసినదాని మీద ఎంటర్ కొట్టాలి.

వేసే విధానం: వెంటాయ్ అధికారిక సైట్ నుంచి విండోస్ జిప్ ఫైలు దించుకుని విప్పండి. అందులోని వెంటాయ్2డిస్క్ ప్రోగ్రామ్ తెరవండి. పైన డివైస్ అన్న చోట మీ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇక్కడ పేరు చూసి వదిలేయకుండా సైజు కూడా సరిచూడండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా తగిలించి ఉంటే ముందే పీకేయండి, పొరపాటుకు తావే ఉండదు. ఆప్షన్ మెనూలో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌తో యంత్రం లేవకుండా ఆపే కాపలా) సపోర్ట్‌కు టిక్ ఉందని చూసుకుని ఇన్‌స్టాల్ నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందని రెండుసార్లు హెచ్చరిస్తుంది. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఐఎస్‌ఓలు పెట్టుకునే పెద్ద భాగం ఒకటి, వెంటాయ్ సొంత ఫైళ్లుండే 32 ఎంబీ చిన్న భాగం ఒకటి. చిన్నదాన్ని ముట్టుకోవద్దు. దీని సంగతి బూట్ రిపేరు దగ్గర మళ్లీ వస్తుంది.

పెద్ద భాగం ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి 4 జీబీ దాటిన ఫైళ్లు కూడా పడతాయి. పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ ఐఎస్‌ఓ కాపీ కాకపోవడానికి ఆ 4 జీబీ పరిమితే కారణం.

ఏ ఐఎస్‌ఓలు పెట్టుకోవాలి

విండోస్ 11 ఐఎస్‌ఓ ఒకటి, మీ దగ్గర విండోస్ 10 యంత్రాలుంటే దాని ఐఎస్‌ఓ ఒకటి. రెండూ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. వీటిని విండోస్ ఎక్కించడానికి మాత్రమే అనుకోకండి, వీటి లోపలి కమాండ్ ప్రాంప్ట్ మనకు ప్రధాన ఆయుధం. తర్వాత సిస్టమ్‌రెస్క్యూ: ఆగిపోయిన యంత్రాల కోసమే తయారైన లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్), ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. డిస్క్ మొత్తాన్ని నకలు తీసే క్లోన్‌జిల్లా, ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్86+ కూడా ఉంచండి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే "యాక్టివేట్ చేసిన", "స్లిమ్ చేసిన" విండోస్ ఐఎస్‌ఓలు వద్దే వద్దు. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే యంత్రంలోకి ఎవరో తెలియని మనిషి మార్చిన విండోస్‌ను ఎక్కించకూడదు. దించుకున్న ఫైలు అసలుదో కాదో తేల్చుకోవడానికి విండోస్‌లోనే కమాండ్ ఉంది:

సి.ఇ.ఆర్.టి.యుటిల్ -హ్యాష్‌ఫైల్ (ఐఎస్‌ఓ ఫైలు పేరు) ఎస్.హెచ్.ఏ256

వచ్చిన పొడవాటి అక్షరాల వరుస, సైట్‌లో ఇచ్చిన వరుస ఒక్కటైతే ఫైలు మధ్యలో చెడలేదు, ఎవరూ మార్చలేదు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం

ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీట పదేపదే నొక్కాలి. డెల్, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్, ఆసుస్ మదర్‌బోర్డు ఉన్న డెస్క్‌టాప్‌లలో ఎఫ్8. గిగాబైట్‌కు ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే యంత్రం సొంత సెట్టింగుల తెర) వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. విండోస్ లాగిన్ తెర దాకా వస్తుంటే ఇంకా సులువు: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే "యూజ్ ఎ డివైస్" అనే దారి కనిపిస్తుంది.

సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో వెంటాయ్ మొదటిసారి ఒక నీలి తెర చూపిస్తుంది. భయపడొద్దు. ఓకే నొక్కి, ఏదైనా మీట కొట్టి, "ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్" ఎంచుకుని, వెంటాయ్ చిన్న భాగంలో ఉన్న కీ ఫైలును చూపించి, యెస్ చెప్పి రీబూట్ చేయండి. ఆ యంత్రంలో మళ్లీ అడగదు. సెక్యూర్ బూట్‌ను బయోస్‌లో ఆపెయ్యడం తేలికగా అనిపిస్తుంది కానీ, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అలాంటి మార్పు చూడగానే రికవరీ కీ అడగవచ్చు. కీ చేతిలో లేకుండా ఆ పని చేయొద్దు.

డిస్క్ బతికుందా?

ఈ ఒక్క అడుగును ఎవరూ దాటవేయకూడదని నా పట్టుదల. సిస్టమ్‌రెస్క్యూ బూట్ చేయండి. నల్ల తెర మీద మొదటి కమాండ్:

ఎల్.ఎస్.బి.ఎల్.కె -ఓ నేమ్,సైజ్,మోడల్,ఎఫ్.ఎస్.టైప్

తగిలించి ఉన్న డిస్కులన్నీ పేరు, సైజు, మోడల్‌తో సహా కనిపిస్తాయి. హార్డ్ డిస్కులు, సాటా ఎస్‌ఎస్‌డీలు ఎస్.డి.ఏ, ఎస్.డి.బి అనే పేర్లతో, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు ఎన్.వి.ఎం.ఇ0ఎన్1 అనే పేరుతో వస్తాయి. పెన్‌డ్రైవ్ కూడా ఎస్.డి వరుసలోనే వస్తుంది, బూట్ చేసిన ప్రతిసారీ ఈ పేర్లు మారవచ్చు. నిన్న ఎస్.డి.బి అన్నది ఈరోజు ఎస్.డి.ఏ కావచ్చు. కాబట్టి పేరును గుర్తుపెట్టుకోకండి, ప్రతిసారీ సైజు, మోడల్ చూసి పోల్చుకోండి. తర్వాత:

స్మార్ట్.సి.టి.ఎల్ -ఏ /డెవ్/ఎస్.డి.ఏ

డిస్క్ తన గురించి తాను రాసుకున్న రికార్డు ఇది. హార్డ్ డిస్క్ అయితే 5, 197, 198 నంబర్ల వరుసల చివర ఉన్న సంఖ్య చూడండి. 5 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న గడులు), 197 అంటే చదవలేక తేల్చుకోలేక ఉన్నవి, 198 అంటే చదవడమే కుదరనివి. మూడూ సున్నా అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. 197లో అంకె కనిపించి, అది గంట గంటకూ పెరుగుతుంటే ఆ డిస్క్ పోయే దారిలో ఉంది, ఇక రిపేరు ఊసెత్తకుండా ఫైళ్లు కాపాడుకోవాలి. ఎన్‌వీఎంఈలో మీడియా ఎర్రర్స్, పర్సెంటేజ్ యూజ్డ్ అనే వరుసలు చూడాలి. పైన "పాస్డ్" అని వచ్చినంత మాత్రాన నమ్మొద్దు, చావుకు దగ్గరైన డిస్కులు కూడా చాలాసార్లు పాస్డ్ అనే చూపిస్తాయి. లోపలి నుంచి టకటక చప్పుడు వస్తుంటే ఏ కమాండూ కొట్టకుండా కరెంటు తీసేయండి. అది డేటా రికవరీ ల్యాబ్ పని.

డిస్క్ లోపాలను వెతికి సరిదిద్దే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్ గురించి ఇక్కడే చెప్పాలి. నెట్‌లో ప్రతి సమస్యకూ మొదటి సలహాగా సి.హెచ్.కె.డి.ఎస్.కె /ఆర్ అని రాసేస్తుంటారు. అది డిస్క్ మొత్తాన్నీ గంటల తరబడి చదివి, మార్పులు రాస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కు మంచిదే. పోతున్న డిస్క్ మీద దాన్ని నడిపితే, మిగిలిన ఆయుష్షును ఫైళ్లు తీసుకోవడానికి బదులు దానికి ఖర్చుపెట్టినట్టే.

ఫైళ్లు బయటికి తీయడం

ఫైళ్లు పెట్టుకోవడానికి వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్ కావాలి. వెంటాయ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక లినక్స్‌లో దాని పెద్ద భాగం వాడకంలో ఉంటుంది, అందులోకి కాపీ చేయడం సులభం కాదు.

డిస్క్ ఆరోగ్యంగా ఉంటే విండోస్ ఐఎస్‌ఓ దారి తేలిక. బూట్ చేసి, భాష అడిగే తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్.ఎన్ మీట కూడా కలపాలి). కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉంటాయి, మీ సి డ్రైవ్ డి గానో ఇ గానో కనిపించవచ్చు. ముందు డిస్క్‌పార్ట్ అని కొట్టి, లోపల లిస్ట్ వాల్యూమ్ అనండి. సైజులు చూసి విండోస్ ఏ అక్షరంలో ఉందో, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఏ అక్షరమో కాగితం మీద రాసుకుని ఎగ్జిట్ కొట్టండి. నల్ల తెర కంగారు పెడితే నోట్‌ప్యాడ్ అని కొట్టి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఫోల్డర్లన్నీ మామూలుగానే కనిపిస్తాయి.

విండోస్ డి లో, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇ లో ఉందనుకుందాం:

రోబోకాపీ డి:\యూజర్స్ ఇ:\బ్యాకప్ /ఇ /ఎక్స్.జె /ఆర్:1 /డబ్ల్యు:1

చివరి మూడు గుర్తులూ తప్పనిసరి. రోబోకాపీకి ఏదైనా ఫైలు చదవడం కుదరకపోతే, మనం ఏమీ చెప్పనప్పుడు 30 సెకన్లకొకసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఒక్క పాడైన ఫైలు దగ్గర జీవితాంతం ఆగిపోగలదు. ఆర్, డబ్ల్యు దాన్ని ఒక ప్రయత్నానికి, ఒక సెకనుకు కుదిస్తాయి. ఎక్స్.జె లేకపోతే యూజర్ ఫోల్డర్‌లోని లింకుల్లో పడి ఒకే ఫోల్డర్‌ను మళ్లీ మళ్లీ తవ్వుతుంది. ఇదే కమాండ్‌కు /ఎం.ఐ.ఆర్ కలపమని చెప్పే సలహాలుంటాయి, అది గమ్యస్థానంలో ఉన్న అదనపు ఫైళ్లను చెరిపేస్తుంది. ఇక్కడ వాడొద్దు.

డ్రైవ్‌లోకి వెళ్లబోతే లాక్ అయిందని వస్తే అది బిట్‌లాకర్. ఈ మధ్య వచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ చాలాసార్లు వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి చూడవచ్చు. దొరికాక:

మేనేజ్-బి.డి.ఇ -అన్‌లాక్ డి: -ఆర్.పి (48 అంకెల కీ, మధ్యలో గీతలతో సహా)

కీ లేకపోతే దారి లేదు. తీసిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

అసలు డిస్కే కనిపించకపోతే పోయిందని తీర్మానించకండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ డ్రైవర్ విడిగా లోడ్ చేస్తే తప్ప విండోస్ సెటప్‌కు ఎస్‌ఎస్‌డీ కనబడదు. అదే యంత్రంలో సిస్టమ్‌రెస్క్యూ చాలావరకు దాన్ని చూపిస్తుంది.

ఏం కాపీ చేయాలన్నది కూడా ఆలోచించాల్సిందే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. ట్యాలీ డేటా తరచుగా యూజర్స్ కింద పబ్లిక్‌లోనో, ట్యాలీ సొంత ఫోల్డర్‌లోనో ఉంటుంది. తెలుగు డీటీపీ చేసేవారి యంత్రమైతే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసుకోండి. అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు దక్కినా, ఆ ఫాంట్లు లేకపోతే తెర మీద తెలుగు బదులు అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. డి డ్రైవ్, ఇ డ్రైవ్ అని విడగొట్టుకున్న భాగాలనూ మరవకండి.

ఇక డిస్క్ పోతున్నదైతే పద్ధతి పూర్తిగా వేరు. ఫైలు ఫైలుగా కాపీ చేయడం దాన్ని ఇంకా అలసట పెడుతుంది. సిస్టమ్‌రెస్క్యూలో డి.డి.రెస్క్యూ ఉంది. ఆ డిస్క్ కన్నా పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, ఉదాహరణకు అది ఎస్.డి.బి1 అయితే:

ఎం.కె.డి.ఐ.ఆర్ /న్యూ
మౌంట్ /డెవ్/ఎస్.డి.బి1 /న్యూ
డి.డి.రెస్క్యూ -డి -ఎన్ /డెవ్/ఎస్.డి.ఏ /న్యూ/ఇమేజ్ /న్యూ/మ్యాప్

ముందు రాసేది పాత డిస్క్, తర్వాతిది నకలు, చివరిది మ్యాప్ ఫైలు. ఈ వరుస తారుమారైతే అనర్థం. ఈ మొదటి విడతలో తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, మొరాయించే చోట్లను దాటేసి మ్యాప్‌లో గుర్తు రాసుకుంటుంది. మధ్యలో డిస్క్ వేడెక్కి ఆపాల్సి వచ్చినా అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచే అందుకుంటుంది; కరెంటు పోయి మళ్లీ బూట్ చేయాల్సి వస్తే మాత్రం డిస్కుల పేర్లు సరిచూసుకుని మూడు కమాండ్లూ మళ్లీ కొట్టాలి. అది అయ్యాక -ఎన్ స్థానంలో -ఆర్3 పెట్టి మళ్లీ నడపండి, ఈసారి వదిలేసిన చోట్లను మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఆపైన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి రికవరీ సాధనాలను ఆ నకలు మీదే నడపాలి, అసలు డిస్క్ మీద కాదు.

ఇప్పుడు రిపేరు

ఫైళ్లు చేతికొచ్చాయి, డిస్క్ బాగుంది. మళ్లీ విండోస్ ఐఎస్‌ఓలో షిఫ్ట్, ఎఫ్10. డ్రైవ్ అక్షరాలు మళ్లీ చూసుకోండి. కింద డి అంటే విండోస్ ఉన్న డ్రైవ్.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి, అప్పటి నుంచి గుండ్రాలు తిరుగుతూ ఆగిపోతుంటే:

డి.ఐ.ఎస్.ఎం /ఇమేజ్:డి:\ /క్లీనప్-ఇమేజ్ /రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్

సగంలో ఉన్న అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంటుంది. సిస్టమ్ ఫైళ్లు చెడ్డాయనిపిస్తే:

ఎస్.ఎఫ్.సి /స్కాన్‌నౌ /ఆఫ్‌బూట్‌డి.ఐ.ఆర్=డి:\ /ఆఫ్‌విన్‌డి.ఐ.ఆర్=డి:\విండోస్

"బూట్ డివైస్ లేదు" అన్న సందేశం వస్తే, విండోస్ బాగానే ఉండి దాన్ని లేపే చిన్న భాగం చెడి ఉండవచ్చు. కొత్త యంత్రాల్లో అది ఫ్యాట్32లో ఉండే 100 ఎంబీ లేదా అంతకు కాస్త పెద్ద భాగం. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి దాన్ని పోల్చుకోండి. పెన్‌డ్రైవ్ తాలూకు 32 ఎంబీ వెంటాయ్ భాగం కూడా ఆ జాబితాలో ఉంటుంది, దాన్ని ఇదనుకోవద్దు. దాని వరుసలో రిమూవబుల్ అని ఉంటుంది. మీకు కావలసినది వాల్యూమ్ 3 అయితే, సెలెక్ట్ వాల్యూమ్ 3, తర్వాత అసైన్ లెటర్=ఎస్, తర్వాత ఎగ్జిట్. అప్పుడు:

బి.సి.డి.బూట్ డి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యు.ఇ.ఎఫ్.ఐ

బూట్ ఫైళ్లు కొత్తగా రాసుకుంటుంది. పాత బయోస్ పద్ధతి యంత్రాలకు బూట్‌రెక్ /ఫిక్స్‌ఎం.బి.ఆర్, ఆపైన బూట్‌రెక్ /రీబిల్డ్‌బి.సి.డి వాడాలి. డెస్క్‌టాప్ వచ్చాక అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు డి.ఐ.ఎస్.ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్.ఎఫ్.సి /స్కాన్‌నౌ నడపండి. మొదటిది బాగుచేసిన నిల్వ నుంచే రెండోది ఫైళ్లు తెచ్చుకుంటుంది కాబట్టి ఈ వరుస.

ఒక్కో రోజు ఒక్కో రకం నీలి తెర వస్తూ, డిస్క్‌లో లోపం కనబడకపోతే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడిపి చూడండి. ఒక్క ఎర్ర వరుస వచ్చినా ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటే తీసి మళ్లీ పరీక్షించాలి.

రెండు కమాండ్ల దగ్గర చెయ్యి ఆపి ఆలోచించండి. డిస్క్‌పార్ట్‌లోని క్లీన్ ఎంచుకున్న డిస్క్ విభజననంతా ఏమీ అడగకుండా తుడిచేస్తుంది. లినక్స్‌లోని డి.డి కూడా అంతే, ఓ.ఎఫ్= తర్వాత ఏ డిస్క్ పేరు రాస్తే దాని మీద రాసుకుంటూ పోతుంది. వెంటాయ్ ఉంటే ఈ రెండింటితో పని అరుదు.

యంత్రం బాగున్న రోజునే

కుదురుకున్న యంత్రానికి క్లోన్‌జిల్లాతో ఒక ఇమేజ్ (డిస్క్ నకలు) తీసిపెట్టండి. అది డిస్క్‌లో వాడిన భాగాన్నే కుదించి దాస్తుంది, ఖాళీని కాదు. రేపు ఎస్‌ఎస్‌డీ పోయినా, అంతే సైజున్న లేదా పెద్దదైన కొత్తదాంట్లోకి ఉన్నదున్నట్టు దించవచ్చు. వెంటాయ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అదే ప్రోగ్రామ్‌లో ఇన్‌స్టాల్ కాకుండా అప్‌డేట్ నొక్కండి, ఐఎస్‌ఓలు అలాగే ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 పట్టని పాత యంత్రాల కోసం లినక్స్ మింట్ ఐఎస్‌ఓ కూడా పెన్‌డ్రైవ్‌లో చేర్చుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడవచ్చు.

ఇంట్లో, ఆఫీసులో ఉన్న ప్రతి కంప్యూటర్‌నూ ఈ పెన్‌డ్రైవ్‌తో ఒక్కసారి బూట్ చేసి చూడండి. ఏ మీట పనిచేసిందో చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అంటించండి. బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంటి పత్రాలతో కలిపి బీరువాలో పెట్టండి.